రాసప్ప చెట్టి వీధిలో తెల్లమద్ది చెక్క కొన్న కొట్టు

నాన్నకి రెండేళ్ల కిందట గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు, అప్పటినుంచి ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా గుండెకి మంచిది, తెల్లమద్ది చెక్క (అర్జున చెట్టు బెరడు) కషాయం తాగించమ్మా అనే మాటే. మొదట మా ఇంటి దగ్గర కొట్లో పొడి కొన్నాను. ప్యాకెట్ మీద తేదీ లేదు, చూస్తే రంపపు పొట్టులా ఉంది, ఏ చెట్టుదో కూడా తెలియదు, పారేశాను.

పోయిన శనివారం చెన్నై పార్క్ టౌన్‌లో కందకోట్టం గుడి ఉన్న రాసప్ప చెట్టి వీధికి వెళ్లాను, నాటుమందు కొట్లు వరసగా ఉంటాయి. అక్కడ తెల్లమద్ది చెక్కని అరవంలో మరుదం పట్టై అని అడగాలి. నేను అరవంలో తడబడుతుంటే కొట్లో పెద్దాయన "తెల్లమద్దా అమ్మా?" అన్నారు, తెలుగాయనే! పొడి కాకుండా చెక్కే చూపించారు, పైన బూడిద రంగు, లోపల ఎరుపు, చిన్న ముక్క నమిలితే నోరంతా వగరు. 100 గ్రాములు 40 రూపాయలు, కావాలంటే మన ఎదురుగానే దంచిస్తారు.

డబ్బు తీసుకునే ముందే "రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా?" అని అడిగారు. అవునన్నాను. డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు, మాత్రలు మాత్రం ఆపొద్దు అని రెండుసార్లు చెప్పారు. ఈ కొట్టుకి నేను ఐదు స్టార్లు ఇచ్చేది ఆ మాటకే.

ఎందుకంటే ఈ చెక్క మీద ఆశకి కారణం ఉంది, కానీ అది ఇంకా ఆశే. ఇందులో అర్జునోలిక్ ఆమ్లం, ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల రసాయనాలు ఉంటాయి. గుండెని వేగంగా కొట్టుకునేలా చేసే ఐసోప్రొటెరినాల్ అనే మందు ఇచ్చి ఎలుకల గుండె కణాలు దెబ్బతినేలా చేసిన ప్రయోగాల్లో, ముందుగా ఈ చెక్క సారం తాగిన ఎలుకలకి ఆ దెబ్బ తక్కువగా తగిలింది. మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకుని రక్తం ఒక్కసారిగా వచ్చినప్పుడు కూడా ఫ్రీ రాడికల్స్ (కణాలకి హాని చేసే చురుకైన అణువులు) వల్ల కణాలు పాడవుతాయి, పోయిన గుండె కణం దాదాపు తిరిగి రాదు, అందుకే గుండె కణాల్ని కాపాడే ఇలాంటి వాటి కోసం ఇంత వెతుకులాట. మనుషుల మీద జరిగినవి మాత్రం చిన్న పరీక్షలే. చెట్టు మందేగా, ఏం కాదులే అనుకోవద్దు, 1785లో విలియం విథరింగ్ అనే ఇంగ్లిష్ డాక్టర్ వివరించిన ఫాక్స్‌గ్లోవ్ అనే పూలమొక్క ఆకు కూడా గుండె మందే, డోసు కాస్త ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది.

లోపం ఒకటే, కవర్ మీద పేరు, తేదీ వాళ్లంతట వాళ్లు రాయరు, అడిగితే రాశారు. చెక్క ఇంకా డబ్బాలోనే ఉంది, వచ్చే నెల చెకప్‌కి మాత్రల చీటీతో పాటు తీసుకెళ్లి డాక్టర్‌కి చూపిస్తాను.