తిత్లీ ముందు కొన్న వాకీటాకీలు: ఛార్జర్ మీద నా కోపం

ఈ జత గురించి ఎవరడిగినా ముందు ఛార్జర్ సంగతే చెబుతాను. కరెంటు లేనప్పుడు అక్కరకొస్తాయని కొన్న సెట్లకి గోడ ప్లగ్ తప్ప వేరే గతి లేకుండా చేసిన మహానుభావులకి దండం పెట్టాలి.

మాది ఉద్దానం, కవిటి వైపు. అమ్మానాన్నలు తోటలో పాత ఇంట్లో, మేం రోడ్డు పక్కన. 2014లో హుద్‌హుద్ అప్పుడు విశాఖలో చుట్టాల కబురు తెలియక పడ్డ టెన్షన్ మళ్లీ వద్దని కొన్నాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి తగ్గేసరికి సిగ్నల్ లేదు, కరెంటు స్తంభాలు పడున్నాయి. డాబా ఎక్కి బటన్ నొక్కాను.

"నాన్నా, వినిపిస్తోందా?"

కాసేపు గరగర. "ఆఁ, చెప్పు. వంటింటి మీద కొబ్బరి చెట్టు పడిందిరా. మాకేం కాలేదు. నువ్వు ఇప్పుడే రాకు, దారంతా చెట్లే."

పెట్టిన డబ్బు అక్కడికి గిట్టిందనుకున్నాను.

సాయంత్రానికి సెట్ కీచుమని ఆగిపోయింది. బ్యాటరీ దాని ట్రేలో పెడితేనే ఎక్కుతుంది, ట్రేకి 230 వోల్టులు కావాలి. ఊళ్లోవాళ్లు ట్రాక్టర్ బ్యాటరీకి వైర్లు తగిలించి ఫోన్లు ఛార్జ్ చేసుకున్నారు. ఆ ఫోన్లు టార్చిలైటుకి తప్ప ఎందుకూ పనికిరావు, పనికొచ్చే నా సెట్‌కి మాత్రం ఆ పిన్ను పట్టదు. ట్రే పట్టుకుని జనరేటర్ ఉన్నాయన దగ్గరికి పోతే, నిండా ఎక్కకముందే తీసేశాడు. "డీజిల్ ఎక్కడిది బాబూ, ఇంకా ఎంతమంది ఉన్నారో చూడు" అన్నాడు. ఆయన్నీ తప్పుపట్టలేం. ఆ తర్వాత పొద్దున ఒక మాట, రాత్రి ఒక మాట, వెంటనే ఆఫ్.

డబ్బా మీద ఐదు కిలోమీటర్లని ఉంటుంది. తుపాను తర్వాత నేనూ అందరికీ అలాగే చెప్పాను. కొత్త మొక్కలు ఎదిగాక చూస్తే, డాబా మీద నుంచి సరే గానీ కింద నిలబడితే కిలోమీటరు కూడా గగనమే. పచ్చని చెట్లు ఈ తరంగాలను మింగేస్తాయి. ఆ రోజు నాన్న మాట అంత స్పష్టంగా వినిపించింది సగం తోట నేలకూలడం వల్లేనేమో!

మా బావ పెన్సిల్ సెల్స్ వేసుకునే జత కొన్నాడు. శబ్దం కాస్త తక్కువే, కానీ సెల్స్ కిరాణా కొట్లో దొరుకుతాయి. ఇప్పుడైతే నేనూ అదే కొంటాను. 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో పనిచేసేదో కాదో చూసుకోండి, లేకపోతే లైసెన్స్ గొడవ.

మాకు రెండిళ్లూ దగ్గర, నాన్నకి ఒక్క బటన్ నొక్కడం వచ్చు, కాబట్టి సరిపోయింది. అబ్బాయి బరంపురంలో, పెద్దవాళ్లు ఊళ్లో ఉంటే ఇవి దండగ. అంత దూరానికి హ్యామ్ రేడియోనే (సరదాగా నేర్చుకుని సొంతంగా నడుపుకునే పెద్ద రేడియో సెట్), దానికి పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవాలి. శాటిలైట్ ఫోన్ అంటారా, మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే కేసవుతుంది.