టమాటాకు ఏది మేలు: తిరిగొచ్చే క్రేటా, తిరిగిరాని అట్టపెట్టా?

క్రేట్లు కొనేటప్పుడు అందరూ ముందు ధర అడుగుతారు. దానికన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: పంపిన క్రేటు ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, నూటికి ఎన్ని అసలు తిరిగిరావు?

మదనపల్లెలో రోజుకు 600 క్రేట్లు పంపే మండీ ఉందనుకుందాం. బెంగళూరు లోడు తెల్లారేసరికి దిగుతుంది. ఖాళీలు తెచ్చి, కడిగి, మళ్లీ నింపేసరికి 3 రోజులు పడితే 1,800 క్రేట్లతో పని నడుస్తుంది. ఢిల్లీకైతే ఆ చుట్టు 15 రోజులు అనుకోండి, 9,000 కావాలి. క్రేటు ₹300 చొప్పున లెక్కేస్తే బెంగళూరుకు ₹5.4 లక్షలు, ఢిల్లీకి ₹27 లక్షలు ఇరుక్కుంటాయి. ఆలస్యాలకూ పగుళ్లకూ మరో పదో వంతు చేతిలో ఉంచుకోవాలి.

ఇక పోయేవాటి లెక్క. ట్రిప్పుకు నూటికి 5 పోతే క్రేటు సగటున 20 ట్రిప్పులే తిరుగుతుంది. ప్లాస్టిక్ వంద ట్రిప్పులు ఆగే రకమైనా ఒరిగేదేమీ లేదు. ట్రిప్పుకు ₹15 పడుతుంది. అదే నష్టాన్ని 2కు దింపితే ₹6. అందుకే గట్టి క్రేటు కోసం వెతికే ముందు, సరుకు కొన్నవాడు క్రేటుకు కట్టే డిపాజిట్ సరిచేయాలి. క్రేటు ధర ₹300, డిపాజిట్ ₹100 అయితే కొన్నవాడికి క్రేటు ఉంచేసుకోవడమే లాభం. గ్యాస్ సిలిండర్‌లాగా ఖాళీది ఇస్తేనే నిండుది దింపే పద్ధతి అన్నిటికన్నా నమ్మకమైనది.

క్రేటులోనూ రకాలున్నాయి. నిలువు గోడల క్రేటు బరువు బాగా మోస్తుంది, కానీ ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నంత చోటే తింటుంది. అంటే 600 ఖాళీలకు మళ్లీ నిండు లారీ బాడుగే. తిప్పి పెడితే ఒకదాని మీద ఒకటి నిలిచి, తిప్పకుండా పెడితే ఒకదాంట్లో ఒకటి దూరే రకం ఖాళీగా దాదాపు మూడో వంతు చోటులో ఇమిడిపోతుంది. దీంతో వచ్చే చిక్కు ఒకటే: లోడు చేసేటప్పుడు ఒక్క క్రేటు తిప్పడం మరిచినా అది కింది దాంట్లోకి దిగి కాయను నలిపేస్తుంది. రెండు చివర్లూ రెండు రంగుల్లో ఉన్న క్రేట్లు తీసుకుని, వరుసల్లో రంగులు మారుతున్నాయో లేదో చూడమని హమాలీలకు చెబితే ఆ పొరపాటు దూరం నుంచే కనిపిస్తుంది. మడత క్రేటు ఇంకా తక్కువ చోటు తీసుకుంటుంది, కానీ ధర ఎక్కువ. కీళ్లలో మట్టి, టమాటా రసం చేరితే గొళ్లెం సరిగా పడదు, దారిలో గోడ జారిపోతుంది. ఏ రకమైనా అంచుకు రెండు సెంటీమీటర్లు తక్కువగా నింపాలి. గుట్టగా పోస్తే పై క్రేటు బరువంతా కాయ మీదే పడుతుంది.

అట్టపెట్టెకు తిరుగు బాడుగ లేదు, కడిగే పని లేదు, ఖాళీల లెక్క రాసే గుమాస్తా అక్కర్లేదు. కానీ ప్రతి లోడుకూ కొత్తది కొనాలి. గాలిలో తేమ బాగా పెరిగితే దాని మోసే బలం దాదాపు సగానికి పడిపోతుంది. వాన కాలంలో అడుగు వరుస కూలేది ఇందుకే. పెట్టె బలమంతా మూలల్లో ఉంటుంది కాబట్టి మూల మీద మూల వచ్చేలా పేర్చాలి, ఇటుకల్లా అడ్డదిడ్డంగా కాదు.

నా మొగ్గు ఇది: బెంగళూరు, చెన్నైలాంటి ఒక రాత్రి దూరానికి దూరే రకం క్రేటు. ఢిల్లీలాంటి చోటికి, అక్కడే ఖాళీలు అప్పజెప్పే అద్దె ఏర్పాటు లేకపోతే, అట్టపెట్టె.

క్రేటు ఎంచుకుంటే కడగడం మానొద్దు. ముందు మట్టి పోయేలా మంచినీళ్లతో రుద్దాలి, మట్టి ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. తర్వాత 100 లీటర్ల నీటికి 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 50 గ్రాములు కలిపి, పైన తేరిన ఆ నీటిలోనే ముంచి తీయాలి. ఆరబెట్టేది నీడలో. ఎండలో పడేసిన క్రేటు పెళుసెక్కి, ముందు పిడి దగ్గరే చిట్లుతుంది.