వంటింటి టైల్స్ కొనేవాళ్ళకు హెచ్చరిక: షోరూంలో చూసిందే ఇంటికి వస్తుందనుకోకండి

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు, పాత వంటింటికి కొత్త ఫ్లోరింగ్ వేయిస్తున్నవాళ్ళు ఇది చదివాకే టైల్స్‌కి అడ్వాన్స్ ఇవ్వండి. షోరూంలో చూపించేది ఒకటి, ఇంటి ముందు దించేది ఇంకొకటి. పరిచాక అడిగితే పలికేవాడు ఉండడు.

హైదరాబాద్ శివార్లలో ఒక పెద్ద షోరూంలో మా వంటింటికి ఫుల్ బాడీ విట్రిఫైడ్ టైల్స్ (బాగా వేడి మీద గాజులా గట్టిపడేలా కాల్చినవి) ఎంచుకున్నాం. లేత బూడిద రంగు, మ్యాట్ ఫినిష్, చేత్తో రాస్తే గరుకు తెలుస్తోంది. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, జారనివే కావాలని ముందే చెప్పాం. తీరా లోడు వచ్చే రోజు షాపు నుంచి ఫోను. "ఆ లాట్ అయిపోయింది మేడమ్. సేమ్ కలర్, సేమ్ రేటు, ఇంకా మంచి పీస్ పంపిస్తున్నాం. ఇదీ యాంటీ స్కిడ్డే" అన్నారు. అట్టపెట్టెల మీద యాంటీ స్కిడ్ అని స్టిక్కర్లు కూడా ఉన్నాయి. మేస్త్రీ పరిచేశాడు.

నేల పొడిగా ఉన్నన్నాళ్ళూ ఏమీ తెలియలేదు. ఒకరోజు అన్నం వారుస్తుంటే సింకు దగ్గర కాస్త గంజి ఒలికింది. అటుగా వచ్చిన మా అత్తయ్యగారు దానిమీద కాలు వేశారు. పట్టుకోవడానికి ఏమీ దొరక్క చెయ్యి ఆనించి పడ్డారు. మణికట్టు విరిగింది. కట్టు విప్పినా ఇప్పటికీ ఆవిడ ఆ చేత్తో చపాతీ పిండి కలపలేకపోతున్నారు. ఆ బాధే ఇదంతా రాయిస్తోంది.

ఆ తర్వాత అల్లం దంచే రోకలి పడి ఒక టైలు అంచు పెచ్చు లేచింది. కింద చూస్తే మట్టి రంగు. పైన మాత్రం కాగితం మందాన బూడిద రంగు పూత. ఫుల్ బాడీ అంటే పై నుంచి కింది దాకా ఒకే రంగు ఉండాలి. డబుల్ చార్జ్ అనే రకమైతే పైన 3, 4 మిల్లీమీటర్ల రంగు పొర కనిపిస్తుంది. మాకు వచ్చింది డిజైన్ ప్రింట్ చేసి పైన గ్లేజు పూసిన రకం. ఆ రకం పనికిరాదని నేననను, అందులోనూ గరుకువి, మంచివి ఉంటాయి. ఒకదానికి డబ్బు తీసుకుని ఇంకొకటి అంటగట్టడం మాత్రం మోసమే. కాబట్టి పెట్టె విప్పగానే టైలును పక్కకు తిప్పి అంచు చూడండి, రకం అక్కడే బయటపడుతుంది. వెనక వైపు కాసిని నీళ్ళు పోయండి. నిజమైన విట్రిఫైడ్ టైలు 0.5 శాతం మించి నీళ్ళు పీల్చదు. గోడలకు వేసే సిరామిక్ రకమైతే చూస్తుండగానే తడి లోపలికి ఇంకిపోతుంది.

ఇక యాంటీ స్కిడ్ అనే మాట. నంబరు లేకపోతే ఆ స్టిక్కర్‌కు విలువ లేదు. ఆర్9, ఆర్10, ఆర్11 అని గ్రేడ్లు ఉంటాయి. నూనె రాసిన ఏటవాలు పలక మీద మనిషిని నడిపించి, ఎన్ని డిగ్రీల వాలు దగ్గర కాలు జారుతుందో చూసి ఇచ్చే గ్రేడ్లివి. ఆర్10 అంటే 10 నుంచి 19 డిగ్రీల మధ్య. పోపులు, వేపుళ్ళు, దోసెలు నడిచే మన వంటిళ్ళకు నూనె పరీక్షే అసలైన పరీక్ష. నా ఉద్దేశంలో ఇంటికి ఆర్10 చాలు. అంతకంటే పెద్ద నంబరుతో మరీ గరుకైతే జిడ్డు పట్టేసి తుడవడం నరకం. క్యాటలాగ్‌లో ఆ నంబరు చూపించమనండి, బిల్లు మీద రాయించండి.

అయినా సరే, ఒక్క టైలు ముందే ఇంటికి తెచ్చుకోండి. దాని మీద నీళ్ళు, రెండు చుక్కల నూనె వేసి, కుర్చీలో కూర్చునే తడి పాదంతో అదిమి లాగి చూడండి. నిలబడి మాత్రం చేయకండి. పసుపు కలిపిన నూనె ఓ మూల రాసి రాత్రంతా వదిలేయండి. పొద్దున సబ్బుతో పోకపోతే ఆ టైలు వద్దు.

మార్బుల్ వేయించుకోమని కూడా షోరూంవాళ్ళు మమ్మల్ని తెగ మొహమాటపెట్టారు. వంటింటికి అస్సలు వద్దు. చింతపండు పులుసు, నిమ్మరసం పడ్డ చోట పాలిష్ తినేస్తుంది. అది మరక కాదు, రాయే కరిగిపోవడం, ఎంత తోమినా పోదు. తాండూరు, బేతంచెర్ల బండలూ సున్నపురాయే, బాత్రూం యాసిడ్ తగిలితే నురగ వస్తుంది. కానీ పాలిష్ చేయని బండ కాలికి పట్టు ఇస్తుంది, ఖర్చూ తక్కువ. యాసిడ్‌తో కడగకుండా ఉంటే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. గ్రానైట్‌కు పులుపు భయం లేదు గానీ, అద్దంలా పాలిష్ చేసింది తడిస్తే జారుతుంది. తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ అడగండి.

షాపువాళ్ళ దగ్గరికి పెచ్చు లేచిన ముక్క పట్టుకెళ్తే, పెట్టె మీది అక్షరాలు చూపించారు. పరిచిన తర్వాత ఫిర్యాదులు తీసుకోబడవు అని ఉంది. చాలా కంపెనీల పెట్టెల మీద ఇదే ఉంటుంది. అందుకే మేస్త్రీ సిమెంటు కలపకముందే ప్రతి పెట్టె మీదా పేరు, బ్యాచ్ నంబరు, షేడు, నాణ్యత గ్రేడు (ప్రీమియమా, స్టాండర్డా) చూసి ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ప్రీమియం రేటు కట్టించుకుని మధ్యలో స్టాండర్డ్ పెట్టెలు కలిపేస్తారు. ఒక్క పెట్టె తేడా ఉన్నా ఆటోను వెనక్కి పంపేయండి. పని ఆగితే మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

బిల్లు అడిగితే, బిల్లు లేకుంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది కదా అంటూ మా చేతిలో ఎస్టిమేట్ చీటీ పెట్టారు. రేపు అసలు బిల్లు ఇస్తామన్నారు, ఆ రేపు రాలేదు. మీరు మాత్రం టైలు పేరు, రకం, గ్రేడు, ఆర్ నంబరు ఉన్న జీఎస్టీ బిల్లు చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. మేం ఫోన్‌పే చేసిన రసీదు, వాట్సాప్‌లో వాళ్ళు పంపిన టైలు ఫొటో, పెచ్చు లేచిన ముక్క దాచిపెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. రెండేళ్ళ లోపు కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. ఇలాగే మోసపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ ముక్కలు, చీటీలు పారేయకండి.