కళ్ళు తిరిగి పడిపోతే ముందు ఏది మేలు: తలకి స్కానా, సెలైన్ బాటిలా, ఈసీజీనా?

చందనోత్సవం రోజు సింహాచలం కొండ మీద క్యూలో మా తమ్ముడు పడిపోయాడు. వాడికి 29 ఏళ్ళు, షుగర్ లేదు, బీపీ లేదు, వారానికి మూడు రోజులు షటిల్ ఆడతాడు. తెల్లవారుజామున 3 గంటలకే లైన్లో నిల్చున్నాం, అప్పన్న నిజరూప దర్శనం అయ్యేదాకా ఏమీ ముట్టనని ముందు రోజు రాత్రి నుంచే ఉపవాసం, పైగా మధ్యలో బాత్‌రూమ్‌కి వెళ్తే లైన్ పోతుందని నీళ్ళు కూడా తాగలేదు. 9 దాటేసరికి ఎండ ముదిరింది, విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, ముందూ వెనకా మనుషులు, కాలు కదిపే చోటు కూడా లేదు. ముందు వరసగా ఆవలింతలు వచ్చాయి వాడికి, తర్వాత "అప్పా, చెవులు మూసుకుపోతున్నాయే, ఏటీ సరిగ్గా కనపడట్లేదు" అన్నాడు, చూస్తే మొహం పాలిపోయి పై పెదవి మీద చెమట బొట్లు, నేను బాటిల్ మూత తీసేలోపే నా మీదకి ఒరిగిపోయాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు మంచి మనసుతోనే పరిగెత్తుకొచ్చారు, కానీ అందరూ చేసింది వాడిని నిలబెట్టాలని చూడడమే. ఇద్దరు చంకల కింద చేతులేసి పట్టుకున్నారు, ఇంకొకాయన నోట్లో నీళ్ళు పోయబోయాడు. ఇంతలో వాడి చేతులు రెండు మూడు సార్లు కొట్టుకున్నాయి. అంతే, "ఫిట్స్ ఫిట్స్, తాళాలు పెట్టండి" అని ఎవరో తాళాల గుత్తి చేతిలో పెట్టేశారు. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దాయన "ముందు పడుకోబెట్టండమ్మా, కాళ్ళు పైకెత్తండి" అని గట్టిగా అరిచాడు. పడుకోబెట్టి కాళ్ళు నా బ్యాగ్ మీద పెట్టిన అర నిమిషానికి కళ్ళు తెరిచి "ఏటైంది?" అన్నాడు, నన్ను గుర్తుపట్టాడు, లైన్లో మన చోటు పోయిందా అని కూడా అడిగాడు.

అందుకే మొదటి పోలిక ఇక్కడే చెప్పేస్తా: కూర్చోబెట్టడమా, పడుకోబెట్టడమా అంటే పడుకోబెట్టడమే, రెండో మాటే లేదు. మనం నిల్చున్నప్పుడు అర లీటరు నుంచి దాదాపు లీటరు దాకా రక్తం కాళ్ళలోకి, పొట్ట కిందకి దిగుతుంది. మామూలుగా రక్తనాళాలు బిగుసుకుని, గుండె కాస్త వేగంగా కొట్టుకుని దాన్ని పైకి నెట్టుకొస్తాయి. ఎండకి నాళాలు వదులైపోయి, ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి, గంటల తరబడి నిల్చుంటే ఒక్కోసారి శరీరం రివర్స్‌లో పనిచేస్తుంది, వేగస్ అనే నరం గుండె వేగాన్ని తగ్గించేస్తుంది, నాళాలు ఇంకా వదులైపోతాయి, బీపీ ఢమాల్న పడిపోతుంది. మెదడుకి ఆరేడు సెకన్లు రక్తం అందకపోతే చాలు, స్పృహ పోతుంది. నేల మీద పడితే తల, గుండె ఒకే ఎత్తుకి వస్తాయి కాబట్టి రక్తం మళ్ళీ మెదడుకి చేరుతుంది. పడిపోవడమే శరీరం చేసుకునే వైద్యం, మనం దయతో పైకి లేపి దాన్ని ఆపేస్తున్నాం. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్ళూ పంచదారా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ పని అసలు వద్దు. గర్భిణీ అయితే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఊపిరి లేకపోయినా, ఒకటి రెండు నిమిషాల్లో లేవకపోయినా అది మామూలు సొమ్మ కాదు, 108కి ఫోన్ చేయాలి, ఊపిరి ఆడకపోతే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి.

ఇక చేతులు కొట్టుకోవడం గురించి. మెదడుకి రక్తం తగ్గినప్పుడు కొన్ని సెకన్లు అలా కొట్టుకోవడం మామూలే, అది ఫిట్స్ కాదు. ఫిట్స్‌లో మామూలుగా ఒకటి రెండు నిమిషాలు కొట్టుకుంటారు, చాలాసార్లు నాలుక పక్కన కరుచుకుంటారు, లేచాక చాలాసేపు అయోమయంగా ఉంటారు, ఎవరినీ సరిగ్గా గుర్తుపట్టరు. రెండింట్లోనూ తాళాల గుత్తి వల్ల ఏ ఉపయోగం లేదు, ముక్కు దగ్గర ఉల్లిపాయ కూడా అంతే.

కొండ దిగాక కంగారులో దగ్గర్లో కనపడ్డ ఒక ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వాడు ఏం చేస్తుండగా పడిపోయాడు, ముందు ఏమనిపించింది అని ఎవరూ అడగలేదు. నేరుగా తలకి సీటీ స్కాన్ తీశారు, చేతికి సెలైన్ పెట్టారు, నరాల వీక్‌నెస్ అని బలం ఇంజెక్షన్ రాశారు. స్కాన్ నార్మల్. బిల్లు వేలల్లో. ఈసీజీ తీయలేదు. నాకు అప్పుడు ఇవేమీ తెలియవు, స్కాన్ నార్మల్ అనగానే దండం పెట్టి వచ్చేశాను.

రెండ్రోజుల తర్వాత మాకు తెలిసిన జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే ఆయన పావుగంట సేపు ప్రశ్నలే అడిగారు. మొదటి ప్రశ్న, "కళ్ళు తిరిగాయంటే ఏం తిరిగాయి, గది గిర్రున తిరిగిందా, కళ్ళ ముందు చీకటి కమ్మిందా?" మన భాషలో రెండింటికీ కళ్ళు తిరగడం అనే అంటాం కదా, కానీ గది తిరిగితే చాలాసార్లు చెవి లోపలి సమస్య, బైర్లు కమ్మితే రక్తం అందని సమస్య, దారులు వేరు. తర్వాత ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూశారు, లేచి నిల్చోమని ఒక నిమిషానికి ఒకసారి, మూడో నిమిషానికి ఒకసారి చూశారు. పై నంబర్ కనీసం 20 పాయింట్లు గానీ కింద నంబర్ కనీసం 10 పాయింట్లు గానీ తగ్గితే అది లేచినప్పుడు బీపీ పడిపోయే సమస్య, నీళ్ళు తగ్గడం, రక్తం పోవడం, బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు ఇలాంటివి వెతకాలి (ఆడవాళ్ళని నెలసరిలో ఎక్కువ పోతోందా, మలం నల్లగా వస్తోందా అని తప్పకుండా అడగాలి అన్నారు, మనం సిగ్గుపడి చెప్పం). వాడికి తేడా పెద్దగా లేదు. ఆఖర్న ఈసీజీ, అదీ నార్మల్. నిల్చుని, ఎండలో, ఉపవాసంతో, ముందు ఆవలింత, చెమట, చూపు మసకబారడం, పడుకోగానే కోలుకోవడం, ఈ కథ మొత్తం కలిపితేనే డయాగ్నసిస్ వచ్చేసింది, వేసోవేగల్ సింకోపీ అంటారు, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళలో పడిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

ఇప్పుడు స్కాన్‌నీ ఈసీజీనీ పక్కపక్కన పెట్టి చూడండి. సీటీ స్కాన్ చూపించేది మెదడులో రక్తస్రావం, గడ్డ, పెద్ద స్ట్రోక్. వీటిలో చాలావరకు చెయ్యి లాగడం, మూతి వంకర పోవడం, మాట తడబడడం, భరించలేని తలనొప్పి ఉంటాయి, ఊరికే అర నిమిషం స్పృహ తప్పి మామూలుగా లేచి కూర్చున్నవాడిలో స్కాన్‌కి దొరికేది దాదాపు ఏమీ ఉండదు. అమెరికాలో ఫిజీషియన్ల కాలేజీ 2012లోనే, నరాల పరీక్ష నార్మల్‌గా ఉన్న మామూలు సింకోపీకి మెదడు స్కాన్ తీయొద్దని తమ డాక్టర్లకి చెప్పింది. పడ్డప్పుడు తలకి గట్టిగా తగిలినా, వాంతులు అవుతున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా అప్పుడు స్కాన్ కావాలి, అది పడడం వల్ల వచ్చిన దెబ్బ కోసం, పడిపోయిన కారణం కోసం కాదు.

ఈసీజీ అయితే ఐదు నిమిషాల పని, ఖర్చు వందల్లో, రేడియేషన్ లేదు, ప్రాణం తీసే కారణాల్లో చాలావాటి జాడ అందులోనే కనపడుతుంది. మా ఆఫీసులో ఒకతను, వయసు 34, బీచ్ రోడ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాటి పరిగెడుతూ ఉన్నపళంగా కూలిపోయాడు, ఆవలింత లేదు, చెమట లేదు, చేతులు అడ్డం పెట్టుకునే టైమ్ కూడా లేక గడ్డం చీలిపోయింది. అతనికి ఈసీజీలోనే దొరికింది, పుట్టుకతో గుండెలో ఇంకో కరెంటు దారి ఉందట, డబ్ల్యూపీడబ్ల్యూ అంటారు. క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో ఆ దారిని కాల్చేశారు, ఇప్పుడు మళ్ళీ పరిగెడుతున్నాడు. మా తమ్ముడికీ అతనికీ మధ్య తేడా చెప్పింది స్కాన్ కాదు, కథా ఈసీజీ. పరిగెడుతుండగా పడినా, పడుకుని ఉండగా స్పృహ పోయినా, ఏ సూచనా లేకుండా కూలినా, ముందు గుండె దడ గానీ ఛాతీ నొప్పి గానీ వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా ఆ రోజే గుండె డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, దయచేసి రేపు అనకండి. ఒక్క ఈసీజీ నార్మల్ వస్తే గుండెకి ఏమీ లేదని కూడా కాదు, ఇలాంటి కథ ఉంటే ఎకో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్), హోల్టర్ (ఒంటికి తగిలించి 24 గంటలూ ఈసీజీ తీసే చిన్న మెషిన్) అవసరం పడతాయి.

సెలైన్ విషయానికొస్తే, మనవాళ్ళకి బాటిల్ ఎక్కిస్తేనే వైద్యం జరిగినట్టు. లెక్క చూడండి. గ్లూకోజ్ బాటిల్ అనేది 5 శాతం, అర లీటరులో 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు స్పూన్లు. నార్మల్ సెలైన్ అర లీటరులో 4.5 గ్రాముల ఉప్పు. నోటితో తాగగలిగిన మనిషికి ఇది సూదితో ఎందుకు? లీటరు నీళ్ళకి 20.5 గ్రాముల ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ కలిపి తాగితే సరిపోతుంది, ఉప్పేసిన మజ్జిగ, చోడి (రాగి) అంబలి, తరవాణి (పులిసిన అన్నం నీళ్ళు) ఇవన్నీ మన ఇళ్ళలో ఎండాకాలానికి ఉన్నవే. నా ఓటు రోజువారీకి మజ్జిగకి, బాగా చెమట పట్టి నీరసపడితే ఓఆర్ఎస్‌కి. కొనేటప్పుడు లేబుల్ చూడండి, ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని చక్కెర నీళ్ళు అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో దేశంలో ఆహార పదార్థాల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆపింది. బాటిల్ అవసరమయ్యేది వాంతులు ఆగనప్పుడు, తాగలేని స్థితిలో ఉన్నప్పుడు. ఒళ్ళు కాలిపోతూ మాట తేడాగా వస్తుంటే అది వడదెబ్బ, 108కి ఫోన్ చేసి, వచ్చేలోపు ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరాలి.

మళ్ళీ రాకుండా బలం ఇంజెక్షన్లకంటే పనిచేసేది ఒకటుంది, డాక్టర్ గారు మా వాడితో అక్కడే చేయించారు. చూపు మసకబారడం మొదలవగానే కాళ్ళు రెండూ కత్తెరలా ఒకదాని మీద ఒకటి మెలేసి తొడలు, పిరుదులు, పొట్ట బిగించడం, పిడికిళ్ళు బిగించి రెండు చేతులూ కొక్కెంలా పట్టుకుని లాగడం. 2006లో వచ్చిన ఒక స్టడీలో మామూలు జాగ్రత్తలు మాత్రమే తీసుకున్నవాళ్ళలో సగం మంది మళ్ళీ పడిపోతే, ఇది కూడా చేసినవాళ్ళలో మూడో వంతే పడిపోయారు. చోటుంటే మాత్రం పడుకోవడమే మేలు, సిగ్గుపడి నిల్చోకూడదు.

ఆషాఢంలో గిరి ప్రదక్షిణకి మళ్ళీ వస్తానన్నాడు, 32 కిలోమీటర్లు, అమ్మ వద్దని ఏడ్చింది. ఉపవాసం మానేసి, బ్యాగ్‌లో రెండు లీటర్ల నీళ్ళూ ఓఆర్ఎస్ ప్యాకెట్లూ పెట్టుకుని వచ్చాడు. అప్పూఘర్ దగ్గర నడక ఆపి కాసేపు నిల్చున్నాం, అక్కడ వాడికి ఆవలింత వచ్చింది. నా వైపు చూశాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, వాడు ఫుట్‌పాత్ మీద టవల్ పరిచి పడుకున్నాడు, నేను పక్కన కూర్చుని వాడి కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకున్నాను. పది నిమిషాలకి లేచి ప్యాకెట్ కలుపుకుని తాగి నడవడం మొదలుపెట్టాడు.