అవకాశాల అసమానత కొలవాలంటే పెద్దల ఆదాయం చూడాలా, పిల్లల చదువు చూడాలా?

ఏ ఇంట్లో పుట్టాం, ఏ కులం, ఆడా మగా, ఇవేవీ మన చేతిలో లేవు. వీటివల్ల బతుకుల్లో ఎంత తేడా వస్తోందో ఇంటింటి సర్వేల నుంచి లెక్కగట్టడానికి బాగా వాడుకలో ఉన్న దారులు రెండు.

ఒకటి ఆర్థికవేత్తలు ఫెరీరా, జిన్యూ 2011లో ప్రచురించిన పద్ధతి. కులం, తండ్రి చదువు, పుట్టిన ప్రాంతం లాంటివాటిని బట్టి పెద్దవాళ్లని గుంపులు చేసి, వాళ్ల ఆదాయాల్లో ఉన్న మొత్తం అసమానతలో గుంపుల సగటుల మధ్య తేడా వాటా ఎంతో చూస్తారు. సర్వేలో అడగని పరిస్థితులు ఎన్నో ఉంటాయి కాబట్టి వచ్చేది కనీస అంచనా మాత్రమే. సరే, గుంపులు పెంచుదామంటే ఆడా మగా 2, కులాలు 4, తండ్రి చదువు 4, ప్రాంతాలు 6 తీసుకున్నా 192 గుంపులవుతాయి, కొన్నిట్లో పదిమంది కూడా మిగలరు, అప్పుడు శాంపిల్‌లో కాకతాళీయంగా వచ్చిన తేడా కూడా అన్యాయం ఖాతాలో పడిపోతుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆదాయానికి బదులు వాడే ఎన్ఎస్ఎస్ (జాతీయ నమూనా సర్వే) ఖర్చుల సర్వేలో లెక్క ఇంటి మొత్తానికి రాస్తారు, దాన్ని తలసరి చేస్తే అన్నకీ చెల్లికీ ఒకే అంకె. అంటే ఆ ఇంట్లో ఆడపిల్లకి జరిగే అన్యాయం లెక్కలోంచే మాయం! పైగా అత్తారింట్లో ఉన్న కోడలి తండ్రి ఏం చదివాడో అందులో ఉండదు. ఇది నాకు చిన్న లోపంగా అనిపించదు.

రెండోది ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు లాటిన్ అమెరికా కోసం తయారుచేసిన హ్యూమన్ ఆపర్చునిటీ ఇండెక్స్. బడి లాంటి సౌకర్యం ఎంతమంది పిల్లలకి అందింది, గుంపుల మధ్య ఎంత సమానంగా అందింది, రెండూ కలిపి ఒకే అంకెలో చెప్తుంది. రెండు గుంపుల్లో 50 మంది చొప్పున పిల్లలున్నారనుకోండి. బడి ఒక గుంపులో 40 మందికి, ఇంకోదాంట్లో 20 మందికి అందింది. మొత్తం 60. సమానంగా ఉండాలంటే చెరో 30 కాబట్టి 10 సీట్లు అటునుంచి ఇటు మారాలి, అంటే ఆరో వంతు. 60లో ఆ వంతు కోసేస్తే ఇండెక్స్ 50.

నా ఓటు దీనికే. పదేళ్ల పిల్ల విషయంలో ‘కష్టపడలేదు, అందుకే వెనకబడింది’ అనే వాదనకి చోటే లేదు, అమ్మానాన్నలు చాలావరకు అదే ఇంట్లో ఉంటారు కాబట్టి వాళ్ల వివరాలూ దొరుకుతాయి. కానీ బడిలో పేరుందా లేదా అని మాత్రం కొలవకండి, దాదాపు అందరికీ ఉంటుంది, ఇండెక్స్ వందకి దగ్గరైపోయి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. 42 వేలకు పైగా కుటుంబాలతో 2011-12లో జరిగిన ఐహెచ్‌డీఎస్ (ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే) సర్వేలో 8 నుంచి 11 ఏళ్ల పిల్లలకి చదవడం, రాయడం, లెక్కల పరీక్ష పెట్టారు. పేరా చదవగలిగారా లేదా అన్నదే తీసుకుని, తల్లి చదువు, కులం, ఊరు ప్రకారం విడగొట్టి చూడండి.