ఓపెన్‌వర్ట్, కేక్: మా ఇంటి నెట్‌కు వంతులు వేసి నాలుగేళ్లు

కడప ఎర్రముక్కపల్లిలో అద్దె ఇల్లు మాది. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను, రోజుకు ఐదారు గంటలు కస్టమర్లతో కాల్స్. కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ లైన్, 40 ఎంబీపీఎస్ ప్లాన్. కొలిస్తే డౌన్‌లోడ్ 38, అప్‌లోడ్ 18 వచ్చేది. ముగ్గురున్న ఇంటికి అది ఎక్కువే. అయినా మా వాడు కాలేజీ నుంచి రాగానే వాడి ఫోన్ ఫొటోలు బ్యాకప్ మొదలుపెట్టేది, నా మాట అవతలికి ముక్కలు ముక్కలుగా పోయేది. ఒకరోజు కాల్ నడుస్తుండగానే పింగ్ పెట్టి, అంటే చిన్న సందేశం సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోందో కొలిచి చూశాను. మామూలుగా 14 మిల్లీసెకన్లు. బ్యాకప్ నడుస్తుంటే 700, 800, ఒక్కోసారి 1,000 దాటింది. వాడు ఫోన్‌లో వైఫై ఆపగానే మళ్లీ 14.

ఆపరేటర్‌కు చెబితే పెద్ద ప్లాన్ తీసుకోమన్నాడు. రెండు నెలలు తీసుకున్నాను. బ్యాకప్ తొందరగా ముగిసేది, ముగిసేదాకా అదే గోల. మళ్లీ పాత ప్లాన్‌కే వచ్చాను.

మా పల్లె చాపాడు దగ్గర, కేసీ కాలువ ఆయకట్టు. సుంకేసుల నుంచి 300 కిలోమీటర్లు పైగా వచ్చే కాలువ అది. నీళ్లు తక్కువైనప్పుడు ముందున్న రైతు మడవ తిప్పుకుని కూర్చుంటే చివరి మడికి తేమ కూడా రాదు. అందుకే ఊళ్లో వంతులు పెట్టుకుంటారు. లైన్‌లో కూడా జరిగేది ఇదే. నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా పోతుంది. అవి తమ వంతు కోసం ఆగే పెద్ద బఫర్ ఆపరేటర్ పెట్టెలో ఉంటుంది. బ్యాకప్ ప్యాకెట్లు వందలకొద్దీ వచ్చి అందులో నిలబడితే నా మాట మోసే చిన్న ప్యాకెట్ ఆ వరుస చివర ఆగాలి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు.

2021లో పాత రౌటర్‌లో ఓపెన్‌వర్ట్ (రౌటర్ల కోసం లినక్స్‌తో చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించి, వరుసలను అదుపు చేసే ఎస్‌క్యూఎమ్ ప్యాకేజీ వేసి, అందులో వంతులు వేసే పద్ధతిగా కేక్ ఎంచుకున్నాను. కేక్ 2018లో లినక్స్ 4.19తో కెర్నెల్‌లోకి, అంటే లినక్స్ మూలభాగంలోకి వచ్చింది. దాని వెనకున్న ఆలోచనల్లో ఒకటి కోడెల్, 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ ఇచ్చింది. వరుసలో ప్యాకెట్ల నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు మించి, 100 మిల్లీసెకన్లపాటు తగ్గకుండా ఉంటే కోడెల్ ఒక ప్యాకెట్‌ను పడేస్తుంది. పంపేవైపు అది గమనించి జోరు తగ్గించుకుంటుంది. కేక్ దీనికి తోడు ఒక్కో కనెక్షన్‌కు వేరే వరుస కట్టి వంతులు వేస్తుంది.

అసలు కిటుకు అంకెల్లో ఉంది. ఎస్‌క్యూఎమ్‌లో వేగానికి హద్దుగా డౌన్‌లోడ్ 34,000, అప్‌లోడ్ 16,000 కిలోబిట్లు (34, 16 ఎంబీపీఎస్) పెట్టాను, అంటే వచ్చేదానిలో సుమారు తొంభై శాతం. ఆ పది శాతం వదులుకుంటేనే వరుస ఆపరేటర్ పెట్టెలో కాకుండా మన రౌటర్‌లో ఏర్పడుతుంది, వంతులు మన చేతికొస్తాయి. చాలామంది ఇక్కడే ఆశపడి పూర్తి స్పీడ్ రాసి, పనిచేయలేదంటారు. ఆ సాయంత్రం బ్యాకప్ నడుస్తుండగానే పింగ్ 19, 22, 20. నేను మాట్లాడుతూనే ఉన్నాను. వాడు గది గుమ్మంలోంచి తొంగి చూసి, "నాన్నా, ఈరోజు నన్ను ఆపమనలేదే?" అన్నాడు.

కొన్ని నెలలకు ఇంకో చిక్కు. వాడు టొరెంట్ (ఒకే ఫైలును చాలామంది దగ్గర్నుంచి ముక్కలుగా దించే పద్ధతి) పెడితే యాభై కనెక్షన్లు తెరుచుకునేవి, యాభై వంతులూ వాడివే. ఎస్‌క్యూఎమ్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో డౌన్‌లోడ్‌కు 'నాట్ డ్యుయల్-డీఎస్‌టీహోస్ట్', అప్‌లోడ్‌కు 'నాట్ డ్యుయల్-ఎస్‌ఆర్‌సీహోస్ట్' అని రాస్తే వంతు ముందు ఒక్కో ఫోన్‌కు, కంప్యూటర్‌కు, తర్వాత దాని కనెక్షన్లకు పడుతుంది. ఇంట్లో వాళ్లు తగవులాడుకోవడం ఆ రోజుతో ఆగింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇబ్బందులూ చెప్పాలి. ఫర్మ్‌వేర్ (రౌటర్‌లోని ఓపెన్‌వర్ట్) అప్‌గ్రేడ్ చేస్తే సెట్టింగులు ఉంటాయి, విడిగా వేసుకున్న ప్యాకేజీలు పోతాయి. మొదటిసారి అది తెలియక సోమవారం ఉదయం కాల్‌లో టెన్షన్ పడ్డాను. ఇప్పుడు అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ వాడుతున్నాను, అది ప్యాకేజీలను కలిపే ఇమేజ్ (రౌటర్‌లో ఎక్కించే ఫైలు) తయారుచేస్తుంది. రెండోది, ఇదంతా ప్రాసెసర్ మోయాలి. నిరుడు అదే ధరకు లైన్ 100 అయితే ఒంటి కోర్ పాత రౌటర్ 70 దగ్గరే ఆయాసపడింది, కొత్తది కొనాల్సొచ్చింది. ప్యాకెట్ల పనిని ప్రాసెసర్ నుంచి తప్పించి చిప్‌కు అప్పగించే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ ఆన్ చేస్తే వేగం వస్తుంది కానీ ప్యాకెట్లు కేక్‌ను తప్పించుకుని పోతాయి.

ఎండాకాలం కరెంటు పోతే మాకు ఇన్వర్టర్ ఉంటుంది, స్తంభం మీది ఆపరేటర్ పెట్టెకు ఉండదు. అందుకని 4జీ డాంగిల్ తగిలించి, రెండు లైన్ల మధ్య దారి మార్చే ఎమ్‌వాన్3 ప్యాకేజీతో రూటింగ్ పెట్టాను. ఫైబర్‌పై పింగ్ వరుసగా విఫలమైతే దారి డాంగిల్‌కు మారుతుంది. ఐపీ మారడంతో నడుస్తున్న కాల్ తెగుతుంది, మళ్లీ కలపాలి. బ్యాకప్ సర్వర్లకు మాత్రం ఫైబర్ తప్ప వేరే దారి లేకుండా రూల్ రాశాను, లేకపోతే డాంగిల్ డేటా గంటలో ఖాళీ.

4జీకి కేక్ హద్దుగా ఒకే అంకె పెట్టడం మాత్రం కుదరలేదు. మధ్యాహ్నం 20 వచ్చే టవర్ రాత్రి తొమ్మిదికి 4 ఇస్తుంది. లైన్ మీది లోడ్‌ను, పింగ్ ఆలస్యాన్ని బట్టి అంకె మార్చే కేక్-ఆటోరేట్ స్క్రిప్టును పోయిన నెల నుంచి పరీక్షిస్తున్నాను. రాత్రిపూట పింగ్ ఇంకా 90 దగ్గర ఆడుతోంది.