భీమిలి ఉప్పుగాలిలో ఇంటి తయారీ గాలిమర: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

తగరపువలసకూ భీమునిపట్నానికీ మధ్య, సముద్రానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా జీడితోటలో 1.8 మీటర్ల వ్యాసం గల మూడు రెక్కల గాలిమర ఒకటి కొన్నేళ్లుగా తిరుగుతోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖ వద్ద తీరం దాటినప్పుడు మా వైపు స్తంభాలన్నీ ఒరిగిపోయాయి. తోటకు కరెంటు తిరిగి వచ్చేదాకా బావిలో నీరుండీ నారుమడికి చేదతో తోడిపోసుకోవలసి వచ్చింది. ఆ కాలంలోనే, కరెంటు తీగతో సంబంధం లేకుండా తోటలో దీపాలు వెలగాలి, చిన్న మోటారు నడవాలి అనే పట్టుదలతో దీని పని మొదలుపెట్టాం. తక్కువ ఖర్చులో గాలిమర కట్టుకోవాలని అనుకునే విశాఖ పరిసరాల రైతులకు, ఇళ్లవారికి ఉపయోగపడాలని మా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

స్కాట్లాండ్ వాయవ్య తీరంలోని స్కోరైగ్ అనే మారుమూల ద్వీపకల్పంలో నివసించే హ్యూ పిగ్గాట్, ఇంటి దగ్గర చేతి పనిముట్లతోనే తయారుచేసుకోగల గాలిమర పద్ధతిని ప్రపంచమంతటా వ్యాప్తిలోకి తెచ్చారు. మాది ఆ పద్ధతి ప్రకారం కట్టినదే. గాజువాక ఆటోనగర్‌లో తుక్కు కింద దొరికిన కారు చక్రపు హబ్బు (చక్రాన్ని బిగించే నడిమి భాగం) దీనికి ఇరుసు. దానికి రెండు ఇనుప బిళ్లలు బిగించి, ఒక్కో బిళ్ల మీద 46 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం గల నియోడిమియం అయస్కాంతాలను ఎనిమిదేసి చొప్పున, ఉత్తర దక్షిణ ధ్రువాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా అతికించాం. ఆ రెండు బిళ్లల మధ్య కదలకుండా ఉండే పలకలో ఆరు రాగి తీగ చుట్టలు రెసిన్‌లో (గట్టిపడే జిగురు ద్రవంలో) పోతపోసి ఉంటాయి, అయస్కాంతాలు వాటి పక్కగా తిరిగినప్పుడు ఆ చుట్టల్లో కరెంటు పుడుతుంది. గేరు లేదు, బెల్టు లేదు, కార్బన్ బ్రష్షులు లేవు. తిరిగేది ఒక్క హబ్బు మాత్రమే కాబట్టి దాని బేరింగులకు ఏడాదికి రెండుసార్లు గ్రీజు పెడితే చాలు. ఇన్నేళ్లలో బేరింగు గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

దీని నుంచి ఎంత ఆశించవచ్చో ముందుగా లెక్క కట్టుకోవడం అవసరం. గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందులో 59.3 శాతానికి మించి ఏ రెక్కలూ తీసుకోలేవని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లోనే నిరూపించారు. ఇంటి తయారీ యంత్రం, తీగలు, బ్యాటరీ అన్నీ కలిపి చూసుకుంటే నాలుగో వంతు చేతికి రావడం మంచి ఫలితమే. ఆ లెక్కన మా రెక్కలకు సెకనుకు 4 మీటర్ల గాలిలో సుమారు 25 వాట్లు, 6 మీటర్ల గాలిలో 80 వాట్లు, 8 మీటర్ల గాలిలో 195 వాట్లు రావాలి. మా మీటరులో కనిపించిన అంకెలు దీనికి దగ్గరగానే ఉన్నాయి. ఇదే పరిమాణం గల యంత్రం ఎప్పుడూ కిలోవాటు ఇస్తుందని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు.

నా అనుభవంలో గాలిమర మంచిచెడ్డలు తేలేది పైనున్న యంత్రంలో కంటే కిందనున్న స్తంభంలో. మేము 6 మీటర్ల నిడివి గల రెండున్నర అంగుళాల బి క్లాస్ (మధ్యరకం మందం) జీఐ పైపులు, అంటే జింకు పూత ఇనుప గొట్టాలు, రెండు కలిపి 12 మీటర్ల స్తంభం నిలబెట్టి, నాలుగు దిక్కులా రెండు అంచెల్లో స్టే వైర్లు (స్తంభం ఒరగకుండా పట్టి ఉంచే తీగలు) లాగాం. పునాది దగ్గర మడతబందు అమర్చి, పక్కన మరో పొట్టి పైపు బిగించడం వల్ల చేతి వించితో స్తంభం మొత్తాన్ని నేల మీదికి దింపి మళ్లీ లేపవచ్చు. ఈ పని చేసిపెట్టిన ఆటోనగర్ వెల్డరు పైపుల మందం ఎంచుకునేటప్పుడు ఒక మాట అన్నాడు: "పైపు కాడ డబ్బు దాచుకోకండి బాబూ, పైనున్నది పాడైతే దింపి బాగుచేసుకుంటాం, పైపే ఒరిగిపోతే ఏటి చేస్తాం?" ఆ మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. సాధారణంగా నేల నుంచి ఎత్తు రెట్టింపైతే గాలి వేగం పదో వంతు పెరుగుతుంది, దానివల్ల శక్తి మూడో వంతు పైగా పెరుగుతుంది. మా తోటలో అంతకంటే ముఖ్యమైన విషయం చెట్లది. జీడి కొమ్మల ఎత్తులో గాలి సుళ్లు తిరుగుతూ అటూ ఇటూ లాగుతుంది, అక్కడ రెక్కలు దిక్కు మార్చుకోవడంలోనే పొద్దు గడిచిపోతుంది. చుట్టూ వంద మీటర్ల లోపల ఉన్న ఎత్తైన చెట్టు కన్నా, ఇంటి కన్నా రెక్కలు చాలా పైన ఉండాలన్న నియమాన్ని చిన్నచూపు చూడకూడదు. పడమటి గట్టున సరుగుడు వేసిన పొరుగు రైతు వాటిని నరికిన ఏడాది మా ఉత్పత్తి కంటికి కనిపించేంతగా పెరిగింది, అవి మళ్లీ ఎదిగేకొద్దీ ఆ దిక్కు గాలి మళ్లీ సన్నగిల్లింది.

ఇక్కడి గాలికి కాలం ఉంది. శివరాత్రి దాటాక సముద్రపు గాలి మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య లేచి, సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా ఒకే తీరుగా వీస్తుంది. ఆ నెలల్లో మంచి రోజున ముప్పావు యూనిట్ వరకు, అప్పుడప్పుడు ఒక యూనిట్ బ్యాటరీకి చేరుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బు పట్టిన రోజుల్లో కూడా గాలి ఉంటుంది. నాకు ఈ యంత్రం మీద గౌరవం కలిగింది ఆ రోజుల వల్లే, ఎందుకంటే సోలార్ పలక నీరసపడిన పూటల్లో బ్యాటరీని నిలబెట్టింది ఇదే. నవంబరు నుంచి జనవరి దాకా మాత్రం రాత్రులు గాలి స్తంభించి, రోజుకు పావు యూనిట్ కూడా రాని వారాలు ఉంటాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద పెద్ద గాలిమరలు వరుసగా పెట్టడానికి, మన తీరంలో అలాంటివి అంతగా కనిపించకపోవడానికి ఈ తేడాయే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

తీరంలో అసలు శత్రువు ఉప్పు. దీని గురించి లోపలి ప్రాంతాల వారు రాసిన సూచనలు మనకు సరిపోవు. నియోడిమియం అయస్కాంతంలో ఎక్కువ భాగం ఇనుము, దాని మీద సన్నని నికెల్ పూత మాత్రమే రక్షణ. రెండో వర్షాకాలం తర్వాత ఒకనాడు రెక్కలు నెమ్మదిగా తిరిగేటప్పుడు గోరుతో రేకు గీసినట్టు, చుట్టుకొక్కసారి సన్నని చప్పుడు వినిపించింది. స్తంభం దింపి బిళ్ల విప్పి చూస్తే, ఒక అయస్కాంతం మూల దగ్గర నికెల్ పొర బొబ్బలా లేచి, దాని కింద బూడిదరంగు పొడి కనిపించింది. తుప్పు ఉబ్బి పైనున్న రెసిన్‌ను ఒక మిల్లీమీటరు మేర ఎత్తేయడంతో, ఆ ఉబ్బు రాగి చుట్టల పలకను గీసి దాని మీద వెంట్రుకవాసి గాడి చేసింది. అయస్కాంతానికీ పలకకూ మధ్య ఖాళీ ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి, ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే రాగి తీగ బయటపడి చుట్టలు కాలిపోయేవి. పాడైన అయస్కాంతాలు మార్చి, అన్నింటికీ ముందుగా ఎపాక్సీ రంగు రెండు పూతలు వేసి, ఆ తర్వాత మామూలు పాలిస్టర్ రెసిన్‌కు బదులు పడవలకు వాడే వినైల్ ఎస్టర్ రెసిన్‌లో పోతపోశాం. పడవలకు ఫైబర్ పని చేసేవారి దగ్గర అది దొరుకుతుంది. ఆ తర్వాత ఆ చప్పుడు మళ్లీ రాలేదు. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి వేసి, స్టే వైర్లకు ఏటా వర్షాలకు ముందు గ్రీజు రాస్తున్నాం. ఆ వైర్లను బిగించే టర్న్‌బకిళ్ల మరలు మాత్రం ఎంత గ్రీజు రాసినా మూడు నాలుగేళ్లకు మించి నిలవడం లేదు, వాటిని మార్చుకోవలసిందే.

రెక్కల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆరంగుళాల పీవీసీ గొట్టాన్ని నిలువుగా కోసి చేసిన రెక్కలు ఒక్కరోజులో తయారవుతాయి, ఖర్చు కూడా బహు తక్కువ. అయితే మన ఎండకు రెండు వేసవులలో పెళుసుబారతాయి, గట్టి గాలిలో ఈల వేస్తాయి. టేకు చెక్కతో చెక్కించిన రెక్కలు దాదాపు నిశ్శబ్దంగా తిరుగుతాయి. వాటికి నూనె బాగా పట్టించి రంగు వేయాలి, లేకపోతే ఒక రెక్క తడి పీల్చి బరువెక్కగానే తూకం చెడి స్తంభమంతా వణుకుతుంది.

బ్యాటరీ ఛార్జింగు విషయంలో సోలార్ అలవాటు ఉన్నవారు ఒకటి గమనించాలి. బ్యాటరీ నిండినప్పుడు సోలార్ పలకను విడదీస్తే ఏమీ కాదు, గాలిమరను విడదీస్తే దాని మీద భారం పోయి రెక్కలు హద్దు లేకుండా పరుగెత్తుతాయి. అందువల్ల వోల్టేజి 14.4 దాటగానే మిగులు కరెంటును ఒక హీటరు చుట్టలోకి మళ్లించే కంట్రోలర్ పెట్టాం. యంత్రాన్ని ఆపాలంటే రాగి చుట్టల నుంచి వచ్చే మూడు ఫేజుల తీగలను ఒక స్విచ్చుతో కలిపేస్తే రెక్కలు నడక వేగానికి తగ్గిపోతాయి. ఈ పని గాలి కాస్త తగ్గినప్పుడే చేయాలి. పెనుగాలిలో ఆ పట్టు చాలక చుట్టలు వేడెక్కిపోయే ప్రమాదం ఉంది. గట్టి గాలిలో రెక్కల చక్రం తనంతట తానే పక్కకు తిరిగి తప్పుకునేలా ఏటవాలు కీలు మీద వేలాడే తోక ఉంది. ఆ తోక బరువు సరిగా కుదరడానికి మాకు ఒక గాలికాలం పట్టింది.

తుపాను హెచ్చరిక వస్తే తోకను గానీ బ్రేకును గానీ నమ్ముకోం, స్తంభాన్ని దింపేస్తాం. గాలి తోపుడు వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, సెకనుకు 10 మీటర్ల గాలితో పోలిస్తే హుద్‌హుద్ నాటి 50 మీటర్ల గాలి 25 రెట్లు బలంగా నెడుతుంది. దానికి తట్టుకునే స్తంభం కట్టాలంటే తక్కువ ఖర్చు అన్న మాటే ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను శ్రీకాకుళం వైపు తీరం దాటినప్పుడు ఇద్దరు మనుషులు గంటలోపే దీన్ని నేలకు దించి, రెక్కలు విప్పి పాకలో పెట్టారు. మడతబందు స్తంభానికి అదనంగా అయిన ఖర్చు ఆ రెండుసార్లలోనే తీరిపోయిందని నా నమ్మకం.

వ్యవసాయానికి ఇది ఎంతవరకు పనికొస్తుంది? వెయ్యి లీటర్ల నీటిని 10 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం 27 వాట్ అవర్లు చాలు, చిన్న డీసీ మోటారులో నష్టాలు కలుపుకుంటే సుమారు 70 పడతాయి. అర యూనిట్ (500 వాట్ అవర్లు) వచ్చిన రోజున మా నేలబావి నుంచి ఆరేడు వేల లీటర్లు తొట్టెలోకి చేరుతున్నాయి. నారుమడికి, పశువులకు, కొత్తగా వేసిన మొక్కల డ్రిప్పుకు అది సమృద్ధి. వరిమడికి నీరు పెట్టాలనుకునేవారికి మాత్రం ఇది చాలదు. అలాంటివారు పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో తయారైన రకం, అనేక రెక్కలతో నేరుగా పంపు కడ్డీని ఆడించే పెద్ద గాలిమర వైపు చూడవచ్చు. కానీ దాన్ని బావి మీదనే నిలబెట్టాలి, బావులేమో మన ఊళ్లలో తరచుగా పల్లంలో, చెట్ల నీడలో ఉంటాయి.

ఇంటి డాబా మీద సంగతి వేరు. మధురవాడలోని మా ఇంటిపైన 200 లీటర్ల డ్రమ్మును నిలువునా చీల్చి చేసే సవోనియస్ రకం నిలువు గాలిమరను ఒక ఏడాది నడిపాం. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, గాలి ఎటు నుంచి వచ్చినా తిరుగుతుంది. అయితే దాని వైశాల్యం ఒక చదరపు మీటరు లోపే, సామర్థ్యం 15 శాతం దగ్గర. సెకనుకు 4 మీటర్ల గాలిలో దాని నుంచి 5 వాట్లే వస్తాయి. పైగా దాని కంపనం శ్లాబులో నుంచి కింది గదుల్లోకి దిగి రాత్రిపూట నిద్రకు అడ్డం వచ్చింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు ఉన్న చోట డాబా మీద గాలిమర పెట్టమని నేను ఎవరికీ చెప్పను. అక్కడ సోలార్ పలకే తగినది.

ఖర్చు విషయానికి వస్తే, బ్యాటరీ కాక మొత్తం సుమారు 35 వేల రూపాయలు అయింది. అందులో దాదాపు సగం స్తంభానికి, స్టే వైర్లకు, పునాదులకే పోయింది, ఆ తర్వాతి పెద్ద ఖర్చు అయస్కాంతాలది. అదే డబ్బు సోలార్ పలకల మీద పెడితే ఏడాది పొడవునా లెక్కేస్తే ఎక్కువ యూనిట్లు వస్తాయి, ఇందులో వాదనకు తావు లేదు. ఒక్కటే కొనగలిగిన రైతు పలకే కొనుక్కోవాలి. పలక ఉన్న తోటలో రెండో ఆధారంగా, వానాకాలపు రాత్రుల కోసం, తోటలో సొంతంగా మరమ్మతు చేసుకోగల మనిషి ఉన్నప్పుడు మాత్రమే గాలిమరను సిఫారసు చేస్తాను. మా పాలేరు కొడుకు దీన్ని విప్పి బిగించడం చూస్తూ నేర్చుకుని, ఇప్పుడు వైండింగ్ పని చేస్తున్నాడు.

ప్రస్తుతం మాది 12 వోల్టుల ఏర్పాటు. స్తంభం నుంచి పాకకు 40 మీటర్ల దూరం, అంటే పోను రాను 80 మీటర్ల రాగి తీగ. 6 చదరపు మిల్లీమీటర్ల తీగే వేసినా, 8 ఆంపియర్లు ప్రవహించేటప్పుడు దారిలోనే దాదాపు 2 వోల్టులు పోతున్నాయి. అదే శక్తిని 24 వోల్టులలో పంపితే కరెంటు సగమై, తీగలో నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. అందుకని అడ్డుకోత వైశాల్యం సగం ఉన్న తీగతో, రెట్టింపు చుట్లతో రాగి చుట్టల పలకను కొత్తగా పోతపోస్తున్నాం. ఆరు చుట్టల్లో నాలుగు పూర్తయ్యాయి, రెండో బ్యాటరీ కూడా పాకలోకి చేరింది. శివరాత్రి గాలులు లేచేలోగా దాన్ని బిగించాలి.